నాలుగు వేళ్ళు

నెల రోజులు కూతురింట్లో బాలింత చాకిరీ చేసి తిరిగొచ్చిన టైలరమ్మ, సంచిలోంచి బట్టలైనా తీయకుండా క్యారమ్ స్ట్రైకర్ని రుమాల్లో మూటగట్టుకుని గుమ్మం దిగబోయింది.

"ఇప్పుడే కదా బస్సు దిగారు. ఈ పూటకి పడుకోరాదా అత్తయ్యా?" అంది కోడలు.

"పడుకోడానికి ముందు ముందు బోలెడు టైముంది లేవే. అప్పుడు నువ్వు లేపినా లేవను."

కోడలు నవ్వుతూ తలుపేసుకుంది. టైలరమ్మ మెట్లు దిగింది. డెబ్బై దాటినా ఆవిడ మెట్లు దిగే తీరు వేరు. కమ్మీ పట్టుకోదు గానీ, పట్టుకోవాల్సొస్తే దొరికేంత దగ్గరగా చెయ్యి ఉంచుకుంటుంది.

కాలనీ వెనక, మోటారు గదిని ఆనుకుని ఓ గది ఉంది. దానికి పేరంటూ లేదు. అందరూ వెనక గది అనేవారు. టైలరమ్మ దుకాణం మూసేసినప్పుడు ఆవిడ కోత బల్లకి ఇంట్లో చోటు చాలక, నలుగురు మనుషుల చేత మోయించి ఆ గదిలో పెట్టించింది. టేకు బల్ల. కోత బల్ల గనక నడుం దాకా ఎత్తుంటుంది. వంగి గుడ్డ కోసేవాడికి నలభై ఏళ్ళకే నడుం పోతుందని ఆ ఎత్తు. దాని అంచున ఇంచీల గుర్తులున్న ఇత్తడి పట్టీ, పైన కత్తెర గాట్లు. ఆ బల్ల మీద క్యారమ్ బోర్డు పెట్టాక, ఎవరైనా సరే నిలబడే ఆడాలి. కుర్చీలో కూర్చుంటే బోర్డు గడ్డానికి తగులుతుంది.

"కూర్చుంటే ఫౌల్." ఇది టైలరమ్మ పెట్టిన రూలు. కూర్చున్నవాళ్ళు గెలిచిన కాయిన్ ఒకటి వెనక్కి పెట్టాలి. లెక్కల టీచరుగారు ఓసారి ఇంట్లోంచి ఎత్తు స్టూలు తెచ్చుకుంటే, ఆవిడ స్టూల్ని టైలరమ్మ బయట వరండాలో పెట్టి వచ్చింది. "కూర్చుని తింటే కొండలే కరుగుతాయిట. మన మోకాళ్ళెంత టీచరుగారూ!" అంది. రిటైరైన కాంపౌండరుగారు ఆయాసపడుతూనే నవ్వేవారు. గూడ్సు బండి గార్డుగా చేసిన గార్డుగారైతే, టైలరమ్మ ఇచ్చిన నీలం సుద్దముక్కతో బల్ల అంచు మీద స్కోరు గీతలు గీస్తూ, "సిగ్నల్ పడింది, ఎవరూ కూర్చోకండి" అనేవారు. ఆయన టైలరమ్మకి జోడీ. ఆ ఇద్దర్నీ ఓడించాలని మిగిలిన ఇద్దరూ పడే పాట్లు పగవాడికి కూడా వద్దు.

ఆ సాయంత్రం గది తలుపు మీద బంగారు రంగు అక్షరాలు కనిపించాయి. పెద్దల విశ్రాంతి మందిరం. చెప్పులు బయట విడవాలని ఇంకో బోర్డు.

లోపల కొత్త రంగు వాసన. మూడు వైపులా ముదురు ఎరుపు సోఫాలు, గోడకి టీవీ. ఒక సోఫాలో టీచరుగారు, ఇంకోదాంట్లో కాంపౌండరుగారు మెడలు వెనక్కి వాల్చి టీవీ చూస్తున్నారు. మధ్యలో, మోకాలి ఎత్తున ఒక బల్ల. దాని మీద వారపత్రికలు, ప్లాస్టిక్ పూల కుండీ.

బల్ల అంచున ఇత్తడి పట్టీ మెరిసింది.

టైలరమ్మ వంగి చూసింది. తర్వాత నేల మీదే కూర్చుని చూసింది. నాలుగు కాళ్ళూ సగానికి పైగా కోసేశారు. కోసినచోట టేకు పచ్చిగా, పసుపుగా ఉంది. వేలితో రాస్తే పొట్టు అంటింది.

"ఎవరిదీ పని?"

"వచ్చావా! మనవడా, మనవరాలా?" అన్నారు టీచరుగారు టీవీ మీంచి చూపు తిప్పకుండా.

"బల్ల కాళ్ళు ఎవరు కోశారు?"

"అసోసియేషన్ వాళ్ళు. నువ్వెళ్ళిన మర్నాడో ఎప్పుడో. రిబ్బను కూడా కట్ చేశారు. కూర్చో అమ్మా, మెత్తగా ఉంది."

"క్యారమ్ బోర్డు?"

కాంపౌండరుగారు గడ్డంతో బీరువా వెనక్కి చూపించారు. బోర్డు గోడకి ముఖం పెట్టి నిలబడుంది, బళ్ళో శిక్ష పడ్డ పిల్లాడిలాగ.

"గార్డుగారేరీ?"

"జలుబట. సోఫాలు వచ్చాక ఒక్కసారీ రాలేదు."

"నెల్లాళ్ళ జలుబా!"

టీవీలో ఎవరో చప్పట్లు కొట్టారు. అప్పుడే అసోసియేషన్ సెక్రటరీగారు తలుపులోంచి తొంగి చూశారు. యాభై ఏళ్ళ మనిషి, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా, ఎవరికి ఏం కావాలన్నా పరిగెత్తే మనిషి. ఆయన ముఖం వెలిగిపోతోంది.

"ఎలా ఉందమ్మా? సర్‌ప్రైజ్! ఎన్నాళ్ళని మీరంతా అలా నిలబడి అవస్థ పడతారు? నాకే సిగ్గేసింది. ఈ వయసులో హాయిగా కూర్చోవాలి."

"నా బల్ల కాళ్ళు ఎందుకు కోశారు నాయనా?"

"ఎత్తుగా ఉంది కదమ్మా. సోఫాకి సరిపోలేదు."

"కాలికి చెప్పు సరిపోకపోతే కాలు కోసుకుంటావా?"

సెక్రటరీగారి నవ్వు కొంచెం వాడింది. "అదేంటమ్మా, మీ మంచికే కదా. రేపు ఆటలో ఎవరైనా జారిపడితే మాట ఎవరికి వస్తుంది? అయినా నా అంతట నేను చెయ్యలేదు. మీ పెద్దవాళ్ళలో ఒకరే అడిగారు."

"ఎవరు?"

"పేరు చెప్పొద్దన్నారు. మాట ఇచ్చాను."

ఆయన ఇచ్చిన మాట తప్పే మనిషి కాదు. టైలరమ్మకి అదే ఒళ్ళు మండించింది. తిట్టడానికి వీలుగా దొంగైనా కాకపోయె.

ఆవిడ సోఫాలో కూర్చుని చూసింది. కూర్చోవడమేమిటి, మునిగింది. లేవబోతే పట్టుకోడానికి ఏమీ దొరకలేదు. రెండో ఊపుకి లేచింది.

"ఇది సోఫా కాదు టీచరుగారూ, ఊబి."

టీచరుగారు నవ్వలేదు. ఆవిడ చీలమండలు ఉబ్బి చెప్పుల గుర్తు పడి ఉంది. టైలరమ్మ అది చూసింది, చూడనట్టు బయటికొచ్చింది.

*

రాత్రి భోజనాల దగ్గర ఆవిడ కోపమంతా కొడుకు మీదికి మళ్ళింది. మోకాళ్ళ నొప్పులున్నాయని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళిందీ వాడే. ఆ డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చూసి, "ఈ వయసులో ఆటలెందుకమ్మా, రెస్టు తీసుకోండి" అంటే తలూపిందీ వాడే.

"బల్ల కొయ్యమని చెప్పింది నువ్వేనా?"

"ఏ బల్ల?"

"నంగనాచి వేషాలెయ్యకు. నిన్ను మోసినదాన్ని."

కొడుకు ముద్ద కింద పెట్టాడు. "అమ్మా, నువ్వు లేని నెల్లో ఆ గది వైపే వెళ్ళలేదు నేను. అయినా కోస్తే ఏమైందిప్పుడు? కూర్చుని ఆడుకోలేరా? చీట్లపేక ఆడుకోండి."

"చీట్లపేకకి వేళ్ళుంటే చాలు. ఇది కాళ్ళతో ఆడే ఆట."

"క్యారమ్ కాళ్ళతోనా!" వాడు పెళ్ళాం వైపు చూసి నవ్వాడు.

టైలరమ్మ లేచి తన కంచం తనే కడుక్కుంది. కడుగుతూ, కిటికీ చట్రంలో కనిపించే చీకటితో అన్నట్టు అంది. "ఒక్క ఆటకి బల్ల దగ్గర ఎన్నిసార్లు అటూ ఇటూ జరుగుతామో నీకేం తెలుసు. కాయిన్ అవతలి మూల ఉంటే ఎలా వంగాలి, బరువు ఏ కాలి మీద వెయ్యాలి, పక్కవాడికి తగలకుండా ఎలా తప్పుకోవాలి. గార్డుగారు దెబ్బ కొట్టే ముందు ఎడం మడమ పైకి లేపుతారు. చూశావా ఎప్పుడైనా? ఆ మడమ లేవడానికే ఆయన రోజూ వచ్చేది. అదయినా ఆయనకి తెలీదు."

ఆవిడ పడుకున్నాక, కొడుకు మంచం పక్కన మంచినీళ్ళ గ్లాసు పెట్టి దాని మీద మూత పెట్టి వెళ్ళాడు. ఆ గ్లాసు చూసి ఆవిడకి కోపం తగ్గలేదు గానీ, ఆ కోపం పడాల్సిన మనిషి మారాడు. వీడు కాదు. మరెవరు?

*

మర్నాడు పొద్దున్నే గార్డుగారింటికి వెళ్ళింది. కింది అంతస్తులోనే. ఆయన కోడలు తలుపు సగం తీసింది. చెవులకి హెడ్‌ఫోను. ఇంట్లో కూర్చునే ఎవరెవరో కస్టమర్లతో మాట్లాడే ఉద్యోగం ఆ అమ్మాయిది. "తప్పకుండా సార్, ఇప్పుడే చూస్తాను సార్" అని అటు తియ్యగా అంటూనే, ఇటు చేత్తో మామగారు పడుకున్నారని సైగ చేసింది.

భుజం మీంచి చూస్తే గార్డుగారు పడుకుని లేరు. కిటికీ దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఒళ్ళో దుప్పటి. చేతికందేంత దూరంలో నీళ్ళ సీసా, మందుల డబ్బా, ఫోను, రిమోటు, కాలింగ్ బెల్లు, అన్నీ ఒక ట్రేలో. లేవాల్సిన పని ఒక్కటీ మిగల్చలేదు. టైలరమ్మ గొంతు వినగానే ఆయన ముఖం కిటికీ వైపు తిప్పుకున్నారు.

"అన్నయ్యగారూ!"

తిరగలేదు. తలుపు మెల్లగా మూసుకుంది.

టైలరమ్మ వరండాలో కాసేపు అలాగే నిలబడింది. ఆ మనిషి కదిలే బండి చివరి పెట్టెలోంచి దిగి, పట్టాల పక్కన కంకర మీద, చేతిలో లాంతరుతో మైళ్ళు నడిచిన మనిషి. నెల్లో ఇలా అయ్యారంటే ఇంకో నెలకి మంచం, ఆ పైన మంచం మీదే అన్నీ. ఆవిడ చూడని దారి కాదది. ఆ దారి చివరిదాకా ఒకర్ని చేయి పట్టుకుని దిగబెట్టి వచ్చింది కూడా.

బల్ల నిలబడాలి. బల్ల నిలబడితే గార్డుగారు నిలబడతారు. టైలరమ్మకి ఇక వేరే ఆలోచన లేదు.

కోసిన ముక్కలు వెతకడం మొదలుపెట్టింది. రెండు గేటు దగ్గర దొరికాయి. వాచ్‌మాన్ వాటి మీద పూల కుండీలు పెట్టాడు. "చెత్తలో వేస్తుంటే తీసుకున్నానమ్మా, మంచి చెక్క."

"మంచిదని నీకు తెలిసింది. కొయ్యమన్నవాళ్ళకి తెలీలేదు. కుండీలు దించు."

మూడోది మోటారు గది తలుపుకి అడ్డంగా ఉంది. దాన్ని లాగితే తలుపు ధడేలుమంది. మూడింటినీ చంకన పెట్టుకుని, తడి కొంగుతో తుడుస్తూ వడ్రంగి కొట్టుకి వెళ్ళింది. వీధి మలుపులోనే, తలుపుల్లేని కొట్టు. కోసింది అతనే.

"నా బల్ల కాళ్ళు కొయ్యడానికి నీకు చేతులెలా వచ్చాయిరా?"

వడ్రంగి బీడీ పారేసి నిలబడ్డాడు. "రంపం పెట్టేముందు రెండుసార్లు అడిగానమ్మా. సెక్రటరీగారు కొయ్యమన్నారు."

"ఇప్పుడు అతుకు."

"అతుకు అతుకే అమ్మా. మొదటి బలం రాదు."

"అతుకుల సంగతి నాకు చెబుతున్నావా? బతుకంతా అతికాను. ఏ అతుకు ఆగుతుందో, ఏది ఆగదో నాకు తెలుసు. ఇనుప పట్టీలు వేసి, అటూ ఇటూ బోల్టులు బిగించు."

అతను ముక్కల్ని పక్కపక్కన నిలబెట్టి చూశాడు. "నాలుగోది?"

"వెతకాలి."

"వెతకడమెందుకు? అది గార్డుగారి దగ్గరుంది. కోసిన రోజే అడిగి తీసుకెళ్ళారు."

టైలరమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగినంత పనైంది. చూశావా, అనుకుంది. ఒక్క మనిషికి తెలిసింది దాని విలువ. నాకోసం దాచి ఉంచారు.

*

ఈసారి తలుపు సగం తెరుచుకోగానే మిగతా సగం తనే తోసుకుని లోపలికెళ్ళింది. గార్డుగారి కోడలు హెడ్‌ఫోన్లో "ఒక్క నిమిషం లైన్లో ఉండండి మేడమ్" అంటూ వెనకే వచ్చింది.

"పిన్నిగారూ, ఆయనకి రెస్టు కావాలి."

"రెస్టు తీసుకోడానికి ఆయనేం పని చేశారమ్మా?"

గార్డుగారు అదే కుర్చీలో ఉన్నారు. పాదాలు వాచి నున్నగా మెరుస్తున్నాయి. ఆ పాదాల కింద, పీటలాగ, నాలుగో బల్లకాలు అడ్డంగా పడుంది.

"నాకోసం దాచారా అన్నయ్యగారూ?" అంటూ టైలరమ్మ వంగి దాన్ని లాగింది. తిప్పి చూసింది. కింది కొస నుంచి కొంచెం పైకి, నీలం గీత.

వడ్రంగి గీత కాదది. వడ్రంగి చెవి మీద ఎప్పుడూ పెన్సిలే ఉంటుంది. ఇది దర్జీ సుద్ద. కాలనీ మొత్తానికి ఆ సుద్దముక్క ఒక్కరి జేబులోనే ఉంటుంది.

ఆవిడ చాలాసేపు ఆ గీతనే చూసింది. తర్వాత బల్లకాలిని తీసి ఆయన ఒళ్ళో, దుప్పటి మీద పెట్టింది.

"ఈ గీత మీదేనా?"

గార్డుగారు తలెత్తలేదు.

"మీరా అడిగింది? సెక్రటరీ నోరు నొక్కింది మీరా? నిన్నట్నించీ కన్నకొడుకుని కూడా అనుమానించాను. మీకేం అపకారం చేశాను అన్నయ్యగారూ? నా బల్లేం చేసింది?"

"నాలుగు వేళ్ళు అడిగాను చెల్లెమ్మా." గొంతు బొంగురుగా వచ్చింది. మాట్లాడి చాలా రోజులైనట్టుంది. "నాలుగంటే నాలుగు వేళ్ళు. గీత కూడా గీసి ఇచ్చాను. ఇంట్లో ఎలకలున్నాయంటే ఇంటికి నిప్పెట్టినట్టు, మోకాలి దాకా కోసుకుపోయారు. ఆపమని చెప్పడానికి కుర్చీలోంచి లేచేసరికే మొదటి కాలు పడిపోయింది."

"నాతో చెప్పచ్చు కదా!"

"నీతోనా?" ఆయన మొదటిసారి ఆవిడ ముఖంలోకి చూశారు. ఆ చూపులో కోపం ఉంది. మెత్తటి మనిషి కోపం, ఎప్పుడూ బయటికి రానిది, అందుకే పదునుగా ఉంది. "స్టూలు తెచ్చుకున్నందుకు టీచరుగారిని ఏం చేశావు? కూర్చుంటే ఫౌల్, కూర్చుంటే ఫౌల్. నేనూ నవ్వేవాణ్ణి. నవ్వుతూ బల్ల అంచు పట్టుకుని వేలాడేవాణ్ణి. బల్ల ఎత్తయిపోతోంది చెల్లెమ్మా. రోజుకింత ఎత్తయిపోతోంది. బోర్డు అవతలి మూల నాకు కనిపించడం మానేసి చాలా రోజులైంది. అలవాటు మీద కొట్టేవాణ్ణి. నాలుగు వేళ్ళు దిగితే ఇంకో రెండేళ్ళు ఆడొచ్చనుకున్నాను. నువ్వు ఊళ్ళో లేనప్పుడు అయిపోతే, వచ్చాక నీకు తెలీదనుకున్నాను."

టైలరమ్మకి తెలిసేదే. కళ్ళు మూసుకుని కూడా తెలిసేది. ఆ మాట ఆవిడ అనలేదు.

"పిన్నిగారూ," అంది గార్డుగారి కోడలు వెనకనుంచి. హెడ్‌ఫోను మెడలోకి జారింది. కళ్ళ కింద నలుపు. "మీరంతా నన్ను రాక్షసి అనుకుంటారు. ఆయన పడితే ఎవరు లేపాలి? నేనొక్కదాన్నే. ఆయన బాత్రూముకి లేచిన ప్రతిసారీ నా గుండె గొంతులోకొస్తుంది. ఇటు లైను కట్ చేస్తే ఉద్యోగం ఊడుతుంది. అందుకే అన్నీ ఆయన చేతికందేలా పెట్టాను. తప్పా?"

టైలరమ్మకి నిన్నట్నించీ ఎవరి మీద విరుచుకుపడదామన్నా, ఆ మనిషి చేతిలో ఒక మంచినీళ్ళ గ్లాసు కనిపిస్తోంది. తిట్టడానికి ఒక్క చెడ్డవాడు దొరకడంలేదు. అందరూ మంచివాళ్ళే. అందరూ కలిసి ఒక మనిషిని కుర్చీకి కుట్టేశారు. తన వంతు కుట్టు తనూ వేసింది. కోపం పోలేదు. దానికి కూర్చోడానికి చోటు లేక, ఆవిడ చేతుల్లోకి దిగింది. వాటికి పని కావాలి.

మెడలోంచి టేపు తీసింది. దుకాణం మూసినా ఆ టేపు ఆవిడ మెడ వదల్లేదు.

"లేవండి. కొలత తీసుకోవాలి."

"ఏం కొలత?"

"లేవండి ముందు. కూర్చున్న మనిషికి నేనెప్పుడూ కొలత తీయలేదు."

గార్డుగారు కుర్చీ చేతుల మీద బరువు వేశారు. మోచేతులు వణికాయి. సగం లేచి మళ్ళీ పడ్డారు. ప్లాస్టిక్ కుర్చీ కిర్రుమంది. కోడలు గబుక్కున ముందుకొచ్చింది. టైలరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"దగ్గరే ఉండమ్మా. పట్టుకోకు. ఆయన పట్టుకుంటే పట్టుకోనీ."

రెండోసారీ కాలేదు. మూడోసారి ఆయన ముందుకు వంగి, పాదాలు వెనక్కి లాక్కుని, కోడలి భుజం అందుకుని లేచారు. లేచి ఊగారు. ఊగి నిలబడ్డారు. దుప్పటి కింద పడింది.

టైలరమ్మ వెనక్కి వెళ్ళి టేపు కొస ఆయన భుజం మీద పెట్టి నేలదాకా వదిలింది. ఈ ఒంటికి ఎన్నో యూనిఫారాలు కుట్టిన చెయ్యి. పాత కొలత ఎక్కడా చూడక్కర్లేదు. టేపు నేలని తాకాక, ఆ పాత కొలత అంకె దాకా ఇంకా మిగిలింది. మిగిలినదాన్ని నేల దగ్గర మడిచి పట్టుకుని, దాని మీద వేళ్ళు పరిచి చూసింది.

నాలుగు వేళ్ళు.

బల్ల ఎత్తు పెరగలేదు. మనిషి తగ్గాడు. కానీ ఆయన కొలత మాత్రం సరిగ్గానే అడిగారు.

"ఎంతొచ్చింది?" అన్నారు గార్డుగారు ఎదురుగా గోడ వైపే చూస్తూ.

"సరిపోతుంది," అంది టైలరమ్మ, నేల మీంచి లేవకుండా. లేస్తే ముఖం కనిపిస్తుంది.

*

ఆదివారం పొద్దున వడ్రంగి సంచి భుజాన వేసుకుని వెనక గదికి వచ్చాడు. సోఫాలు గోడ వారకి నెట్టి, బల్లని తిరగేసి పడుకోబెట్టారు. నాలుగో కాలి మీది నీలం గీతని చూపించింది టైలరమ్మ.

"ముందు ఇక్కడికి కొయ్యి. తక్కిన మూడూ దీన్ని బట్టే."

"ఇంకా కొయ్యమంటారా!" వడ్రంగి తల గోక్కున్నాడు. "అతకడానికి వచ్చాను కదమ్మా."

"కోసి అతుకు. దర్జీ పనంతా అదే."

రంపం గీత మీద ఆగి, పట్టుకుని, కదిలింది. నాలుగు వేళ్ళ ముక్కలు ఒక్కొక్కటే నేల మీద పడ్డాయి. పట్టీల బోల్టులు బిగుస్తున్నప్పుడు సెక్రటరీగారు పరుగున వచ్చారు.

"అమ్మా, కమిటీని అడక్కుండా ఇదేమిటి? సోఫాలకి అడ్డం కదా!"

"సోఫాలు మీవి. మీ సోఫాలకి నేను కాళ్ళు పెట్టించలేదు. బల్ల నాది. కావాలంటే మీటింగు పెట్టండి, వస్తాను. నిలబడే మాట్లాడతాను."

"పెద్దవాళ్ళ సుఖం కోసమే కదమ్మా నేను..."

"తెలుసు నాయనా." ఆవిడ గొంతు కఠినంగానే ఉంది. "నువ్వు మంచివాడివి. ఆ మంచితనం మనుషుల మీద పెట్టేముందు ఓసారి కొలత తీసుకో. అంతే నేను చెప్పేది."

సెక్రటరీగారు బల్ల లేపుతుంటే ఒక కొస పట్టారు. ఇస్త్రీ చొక్కాకి పొట్టు అంటింది.

సాయంత్రం బోర్డు బల్ల ఎక్కింది. పౌడరు చల్లారు. టీచరుగారు, కాంపౌండరుగారు టీవీ ఆపి వచ్చారు. టీచరుగారి నడక నెల కిందటిలా లేదు. అది ఆవిడకీ తెలుసు. గోడ వెంబడి నాలుగు గట్టి కుర్చీలు వేసి ఉన్నాయి.

"కుర్చీలేంటి?" అన్నారు కాంపౌండరుగారు అనుమానంగా. "ఫౌల్ కాదూ?"

"రూలు మారింది. వంతు రానప్పుడు కూర్చోవచ్చు. కొట్టేటప్పుడు లేవాలి."

"నా స్టూలు విసిరేసినప్పుడు ఏమైందీ బుద్ధి?" అన్నారు టీచరుగారు.

"అప్పటికి రాలేదు," అంది టైలరమ్మ. అంతకుమించి ఆవిడ నోట రాదని టీచరుగారికి తెలుసు. అదే చాలుననుకుని కుర్చీ లాక్కున్నారు.

గార్డుగారు కోడలి చెయ్యి పట్టుకుని వచ్చారు. నలిగిన పాత తెల్ల యూనిఫారం ప్యాంటు వేసుకున్నారు. కాళ్ళ దగ్గర రెండు మడతలు. ఆ అమ్మాయి ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, వెళ్ళిపోకుండా గుమ్మంలోనే నిలబడింది. హెడ్‌ఫోను లేదు.

ముందు టీచరుగారు కొట్టారు. తర్వాత టైలరమ్మ. తర్వాత కాంపౌండరుగారు. తర్వాత గార్డుగారి వంతు.

గార్డుగారు కుర్చీ అంచుకి జరిగారు. పాదాలు వెనక్కి లాక్కున్నారు. చేతులు తొడల మీద నొక్కి, పైకి వచ్చి, మధ్యలో ఆగారు. సోఫాలో కూర్చున్న సెక్రటరీగారు ఉలిక్కిపడి లేవబోయారు. సోఫా ఆయన్ని ఒకసారి వెనక్కి లాగింది. విదిలించుకుని రెండు చేతులూ చాపుకుంటూ వచ్చారు.

"పట్టుకుంటే ఫౌల్!" అంది టైలరమ్మ.

ఆ కేకకి గుమ్మంలో అడుగు వెయ్యబోయిన కోడలు కూడా ఆగిపోయింది. అరిచిందే గానీ, టైలరమ్మ చెయ్యి ఆయన మోచేతికి జానెడు దూరంలో గాల్లో ఆగి ఉంది. పడనివ్వదు. పట్టుకోదు.

గార్డుగారు లేచారు. బల్ల అంచు మీద ఎడం చెయ్యి ఆనించారు. బోర్డు అవతలి మూల దాకా చూశారు. చూపు అక్కడే కొంతసేపు ఉండిపోయింది. స్ట్రైకరు గీత మీద పెట్టి, అటూ ఇటూ జరిపి, గురి చూసి, ఎడం మడమ కొంచెం పైకి లేపి కొట్టారు.

రెడ్ పాకెట్ అంచు తాకి బయటికొచ్చింది.

"అయ్యో!" అన్నారు కాంపౌండరుగారు. అవతలి జట్టై ఉండీ.

గార్డుగారు మెల్లగా, వెనక కుర్చీ ఉందో లేదో పిక్కలతో చూసుకుని, కూర్చున్నారు. రొప్పు తగ్గేదాకా ఆగారు. ఆ తర్వాత జేబులోంచి నీలం సుద్దముక్క తీసి, ముందుకు వంగి, బల్ల అంచు మీద తమ జట్టు వైపు ఒక గీత గీశారు.

"కాయిన్ పడలేదుగా! గీత ఎందుకూ?" అన్నారు టీచరుగారు. లెక్క తప్పితే ఆవిడ ఊరుకోరు.

"లేచానుగా," అన్నారు గార్డుగారు.

టైలరమ్మ ఫౌల్ అనబోయి, నోరు మూసుకుని, స్ట్రైకరు టీచరుగారి వైపు జరిపింది.